వడ్రంగికి ఎంబామింగ్ రాకపోతే ఎలా?

శవపేటిక అమ్మడం పిల్లలాట కాదు. ఈ సంగతి అమెరికాలో లూసియానా రాష్ట్రానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కత్రినా తుఫాను అడవిని పడగొట్టి, కలప మీద వచ్చే ఆదాయం పోగొట్టాక, అక్కడి సెయింట్ జోసెఫ్ మఠం సన్యాసులు 2007లో సాదా చెక్కపెట్టెలు చేసి అమ్మబోయారు. సమయానికి అంత్యక్రియల వ్యాపారానికి లైసెన్సులిచ్చే రాష్ట్ర బోర్డు మేల్కొంది గనక సరిపోయింది. పెట్టె అమ్మాలంటే ముందు ఫ్యునరల్ హోమ్ (అంత్యక్రియలు జరిపించే సంస్థ) పెట్టాలంది. అంటే 30 మంది పట్టే హాలు, 6 పేటికలు చూపించే గది, శవం కుళ్లకుండా రసాయన ద్రవం ఎక్కించే ఎంబామింగ్ సదుపాయం, లైసెన్సున్న ఫ్యునరల్ డైరెక్టరు.

ఆ డైరెక్టరు కావాలంటే కాలేజీలో 30 క్రెడిట్లు చదవాలి, ఏడాది అప్రెంటిస్‌గా చేయాలి, జాతీయ పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో లూసియానా చట్టం ఊసుండదు. శిక్షణలో పెట్టెల ఊసుండదు. అప్రెంటిస్‌కు ఆ పనే ప్రధాన వృత్తి కావాలన్నది మరో షరతు. (మన హరిశ్చంద్రుడు ఈ ఒక్కదాంట్లో మాత్రం పాసయ్యేవాడు. అమ్ముడుపోయినవాడికి వేరే వృత్తెక్కడిది?) ఇంతా చేసి ఆ రాష్ట్రంలో పెట్టె లేకుండా పాతిపెట్టినా నేరం కాదు. ఎవరి పెట్టె వాళ్లు చేసుకున్నా తప్పులేదు. అమ్మితేనే ప్రజలకు ముప్పు.

చదువు తేలికని మేమనం. ఎంబామింగ్ నేర్చే విద్యార్థి మెడ దగ్గర కుడి కెరోటిడ్ ధమనిని బయటికి తీసి ద్రవం ఎక్కించాలి, పక్కనున్న జుగ్యులర్ సిరలోంచి రక్తం బయటికి వదలాలి. ఒత్తిడి, వేగం మితిమీరితే ముందు కనురెప్పలు ఉబ్బుతాయి. ఫార్మాల్డిహైడ్ మరీ ఘాటైతే సన్న రక్తనాళాలు బిగుసుకుపోయి వేలికొసల దాకా ద్రవం చేరదు. కామెర్లతో పోయినవారికి అదే ఘాటు వాడితే పసుపు పచ్చ కాస్తా ఆకుపచ్చ అవుతుంది. బిలిరుబిన్ అనే పసుపు పదార్థం బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా మారడమే కారణం. అమెరికాలో పోయిన మనవాళ్ల దేహం హైదరాబాద్‌లో దిగాలంటే ఎంబామింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం వెనక ఉన్న విద్య ఇదీ. ఇంత విద్యకు సదుపాయం పెడితే గానీ పలకకు మేకు కొట్టి అమ్మే యోగ్యత రాదని లూసియానా తేల్చింది.

కొలరాడోది విశాల హృదయం. ఫ్యునరల్ డైరెక్టరు లైసెన్సును 1980లలోనే ఎత్తేసి, దేశం మొత్తంలో అది లేని ఏకైక రాష్ట్రంగా నిలిచింది. అక్కడ గడ్డం గీయడానికి లైసెన్సు కావాలి. గడ్డం యజమాని పోయాక అక్కర్లేకపోయింది. 2023లో పెన్‌రోజ్ అనే ఊళ్లో ఒక భవనంలో దాదాపు 190 శవాలు కుళ్లిపోతూ దొరికాయి. కొన్ని కుటుంబాలకు చితాభస్మమని అంటగట్టింది కాంక్రీటు పొడి. దాంతో 2024లో చట్టం చేశారు. 2027 నుంచి కొత్తగా వచ్చేవారికి డిగ్రీ, జాతీయ పరీక్ష, అప్రెంటిస్‌షిప్, నేరచరిత్ర తనిఖీ తప్పనిసరి.

లూసియానాకు మాత్రం అన్యాయం జరిగింది. సన్యాసులు బోర్డు మీద కోర్టుకెక్కితే, 2013లో అయిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్లవైపే మొగ్గింది. సుప్రీంకోర్టు కేసు ముట్టుకోనే లేదు. అంతటి నిఘా ఉన్న బోర్డును డిప్యుటేషన్ మీద కొలరాడోకు పంపి ఉంటే పెన్‌రోజ్‌లో వడ్రంగి ఒక్కడు కూడా తప్పించుకునేవాడు కాదు.