మేడ మీది ఆరో సోలార్ ప్యానెల్ గారికి

శ్రీయుత ఆరో ప్యానెల్ గారికి,

నమస్కారం. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాం. అక్కడ అంటే మా నెత్తి మీదే, నైరుతి మూలన, వాటర్ ట్యాంకు పక్కన.

ఈరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని నేనే. మీకు వైద్యం చేయడానికి టెక్నీషియన్ రెండింటికల్లా వస్తానన్నాడు. రెండున్నరకు "దారిలో ఉన్నా సార్" అన్నాడు. మూడున్నరకు "సిగ్నల్ దగ్గర ఉన్నా సార్" అన్నాడు. గంటసేపు ఆపే సిగ్నల్ మా రాజమండ్రిలో ఎక్కడుందో నాకైతే తెలీదు.

ఊరికే కూర్చోవడం ఎందుకని ముగ్గు డబ్బాలోంచి సుద్దముక్క తెచ్చి, ట్యాంకు నీడ అంచు వెంట గచ్చు మీద గీత గీసి పక్కన టైము రాయడం మొదలుపెట్టాను. రెండూ పది. రెండూ ఇరవై. రెండున్నర. బట్టలు తీయడానికి వచ్చిన అమ్మ ఆ గీతలు చూసి, "ధనుర్మాసం ముగ్గు వాకిట్లో వేస్తారు గానీ మేడ మీదేంట్రా? గొబ్బెమ్మలు కూడా తెమ్మంటావా?" అనేసి దిగిపోయింది.

రెండూ నలభైకి నీడ మీ ఫ్రేముని తాకింది. అప్పటికి మీ ఆరుగురూ కలిసి ఇస్తున్నది ఫోన్‌లో 1,700 వాట్లు. అది మీ ఒంట్లో సగం దాకా పాకేసరికి 600. మీ ఒక్కరికే నిద్రొస్తే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదండీ. ఆరుగురిలో ఒకరు పడుకుంటే ఆరోవంతు పోతుంది, సర్దుకుంటాం. మీ పక్కన ఐదుగురు నిగనిగలాడే ఎండలో ఉన్నారు. వాళ్లెందుకు పడుకున్నారు?

బంతి భోజనం చూశారా ఎప్పుడైనా? అందరూ పెరుగన్నం తిని, చేతులు ఎండిపోయి కూర్చుంటారు. చివర్లో ఒక పెద్దమనిషి మాత్రం ఇంకా పప్పు కలుపుతూ ఉంటాడు. ఆయన లేచేదాకా బంతి లేవకూడదు. అదీ మీ సంసారం. ఆరుగురినీ ఒకే తీగకు దండలా గుచ్చారు, అందరి గుండా ఒకటే కరెంటు పోవాలి. మీరు ఎంత ఇస్తే మిగతావాళ్లదీ అంతే. మీ వీపున మూడు డయోడ్లు పెట్టింది, నీడపడిన భాగాన్ని వదిలేసి మిగతావాళ్ల కరెంటు పక్క దారిలో పోతుందనే. కానీ ఆ దారి ఉందని, మీ కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ వెతుక్కోవాలి కదా. మనకు దొరికింది మొదటి అరుగు కనిపించగానే చతికిలబడే రకం. నీడ ఉన్నప్పుడు ఇంకా మంచి చోటు వెతికే సెట్టింగు కొన్నిటిలో ఉంటుందట. మనదాంట్లో ఉందో లేదో చెప్పాల్సినవాడే సిగ్నల్ దగ్గర ఉన్నాడు.

అసలు మిమ్మల్ని ఆ మూలన ఎవరు కూర్చోబెట్టారు? చెబుతాను, ఇందులో మీ తప్పు లేదు. కేంద్రం వాళ్ల సూర్యఘర్ పథకంలో సబ్సిడీ 78,000 పూర్తిగా రావాలంటే మూడు కిలోవాట్లు ఉండాలి. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు వేస్తే 2.7. అందుకని చోటు లేకపోయినా మిమ్మల్ని ఆరో వేలులా అతికించారు. ఇప్పుడు పీకేద్దామన్నా లెక్క చెడుతుంది.

సర్వేకి వచ్చిన కుర్రాడు మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఆ రోజుల్లో మా ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ మనిషి కాళ్ల కిందే ఉంటుంది. "నీడన్నదే లేదు సార్ మీకు, అదృష్టవంతులు" అన్నాడు. నేనూ పొంగిపోయి మజ్జిగ ఇచ్చాను. దక్షిణాయనం అనే మాట పంచాంగంలో చదవడమే గానీ, దానికీ నా కరెంటు బిల్లుకీ సంబంధం ఉందని ఎవరు చెప్పారు? డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం కూడా సగం ఎత్తు దాటి కాస్తంతే ఎక్కుతాడు. పొద్దున పక్కింటి మామిడి కొమ్మ, అది తప్పుకున్నాక ట్యాంకు. వంతులేసుకున్నట్టు.

ట్యాంకు జరుపుదామంటే వాస్తు. నైరుతిలో బరువు ఉండాలట, ఉంది, నా గుండె మీద. కొమ్మ కొట్టిద్దామని పక్కింటి బాబాయ్ గారిని అడగబోతే, నోరు తెరవకముందే "ఈసారి మీ ఆవకాయకి రెండు వందల కాయలు పంపిస్తాలే" అన్నారు. ఇక ఏమడుగుతాం? ఒక్కో ప్యానెల్‌కీ విడిగా మైక్రో ఇన్వర్టర్ పెట్టుకుంటే ఎవరి పని వాళ్లదేనట. ఆ మాట డబ్బు కట్టకముందు ఒక్కడూ అనలేదు.

పన్నెండు యూనిట్లు రావాల్సిన రోజున ఆరు వచ్చాయండీ. మబ్బు లేదు, మంచు లేదు, వడియాలు పెడితే సాయంత్రానికి ఎండిపోయే ఎండ. సగం! ఒక్క నీ వల్ల! ఐదుగురు కష్టపడుతుంటే కాలు చాపుకుని పడుకోవడానికి సిగ్గులేదూ? నెలనెలా వాయిదా కట్టేది నేను. నీ మొహం మీద కాకిరెట్ట తుడిచేది నేను. వారం వారం నీళ్లు పోసి కడిగేది నేను. వైరు పీకి ఐదుగురితోనే నడుపుదామని పొద్దున స్క్రూడ్రైవర్ కూడా చేతిలోకి తీసుకున్నాను, తెలుసా? మెడలో, ఇంట్లో మిగిలిన కరెంటుని లెక్కగట్టే నెట్ మీటర్ ఒప్పందం, సబ్సిడీ కాగితాలు వేలాడుతున్నాయి కాబట్టి బతికిపోయావు.

ఆరూ ఇరవైకి ఫోన్ మోగింది. అప్పటికి పూర్తిగా చీకటి. మెట్ల దగ్గర లైటు వేశాను.

"సార్, మీ వీధి చివర ఉన్నా. పైకి రావచ్చా? నీడ ఎక్కడ పడుతోందో ఒకసారి చూపిద్దురు గాని."

ఇట్లు,
నీ వాయిదాలు కడుతున్న
కింది పోర్షన్ మనిషి