ఛాయా సోమేశ్వరుడూ, మా ఇంటి తూకం ముల్లూ

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల నాటి గుడి. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో లింగం మీద పడ్డ నీడ జరగదు. ఆ వింత చూడటానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. అంతకు తీసిపోని వింత మా ఇంట్లో, స్నానాల గది తలుపు పక్కన 41 రోజులుగా జరుగుతుంటే మాత్రం తొంగిచూసిన మనిషి లేడు. తూకం మిషన్ ముల్లు 84 మీద నిలబడిపోయింది. పరగడుపున ఎక్కినా అంతే, ఒంటికాలి మీద ఎక్కినా అంతే. గోడ పట్టుకుని ఎక్కితే కొంచెం దిగుతుంది గానీ, ఆ తగ్గుదల గోడ ఖాతాలోకి పోతుందని మా ఆవిడ తీర్పు చెప్పింది. కాబట్టి ఈ ముల్లును పురావస్తు శాఖ వారు స్వాధీనం చేసుకుని, చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

పూర్వకథ కొంచెం చెప్పాలి. ఉగాది నాటికి నేను 92 కిలోలు. ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడక మొదలుపెట్టాను. రాత్రి అన్నం మానేశాను. మొదటి వారంలోనే 2 కిలోలు పోయాయి. ఆ సంతోషంలో వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచి, మిగిలింది పారేయబుద్ధికాక నేనే తిన్నాను. పోయిన ఆ 2 కిలోల్లో చాలా మటుకు నీళ్లేనని తర్వాత తెలిసింది. కండల్లో, కాలేయంలో దాచి ఉన్న పిండిపదార్థం ఒక్కో గ్రాము తనతోపాటు 3 గ్రాముల దాకా నీళ్లను పట్టుకుని కూర్చుంటుందట. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది అదే, దాంతో నీళ్లూ పోతాయి. కొవ్వు అట్లా కాదు. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. అంటే నేను పండగ చేసింది బావిలో నాలుగు బొక్కెనలు తోడినందుకు.

అయినా మూడు నెలల్లో 84కు దిగాను. అక్కడ ఆగింది.

ఎందుకు ఆగిందని అడిగితే మా ఊళ్లో సమాధానం లేని మనిషి లేడు. గడియారం సెంటర్లో చాయ్ తాగుతుంటే ఒకాయన జీలకర్ర నీళ్లన్నాడు. ఇంకొకాయన నిమ్మకాయ, తేనె. మూడో ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "సారూ, గింత నడుస్తున్నా పొట్ట గట్లనే ఉన్నదంటే, ఎవలదో దిష్టి తగిలింది" అన్నాడు. ఈ మూడింటిలో నాకు బాగా నచ్చింది మూడోదే. అందులో నా తప్పేమీ లేదు.

నిజానికి సాగర్ నీళ్లు తాగి పెరిగిన జిల్లా వాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. వానకాలం పేపరు తెరిస్తే మేం ముందు చూసేది సాగర్ నీటిమట్టమే. నిండా ఉంటే 590 అడుగులు. కింద ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని రాస్తారు. రెండూ సమానమైన రోజు మట్టం కదలదు. దానికి ఏ రైతూ దిష్టి తీయడు. నా ఒంటికి కూడా అదే పట్టిక రాయొచ్చునని ఒక రాత్రి నిద్ర పట్టక లేచి కూర్చున్నప్పుడు తట్టింది.

ముందు అవుట్‌ఫ్లో. 92 కిలోల మనిషిని మోయడానికి అయ్యే ఖర్చు 84 కిలోల మనిషికి కాదు. 8 కిలోల మూట దించిన హమాలీకి కూలి తగ్గినట్టే, అదే గ్రౌండు, అవే రౌండ్లు, కరిగేది మాత్రం తక్కువ. దానికి తోడు ఒళ్లు పాతకాలపు ముసలమ్మ లాంటిది. మా అమ్మవాళ్లది పాలమూరు జిల్లా. అక్కడి ముసలమ్మలకు కరువు వాసన ముందే తెలుస్తుంది. వాన తప్పిందని అనుమానం రాగానే గుమ్మికి మూత బిగిస్తారు. నేను పొట్ట తగ్గించుకుంటున్నానని దానికేం తెలుసు? కరువొచ్చిందనుకుని ఖర్చు తగ్గించింది. నాకు తెలియకుండానే నా కదలికలు కూడా కోసేసింది. పొద్దున గంట నడిచానన్న హోదాతో మిగతా రోజంతా కుర్చీలో సింహాసనం వేశాను. మంచినీళ్లు పిల్లలు తెస్తారు. సందు చివర కిరాణా కొట్టుకు బండి మీద పోతాను. గ్రౌండుకు కూడా బండి మీదే పోతాను. నడవడానికి.

ఇక ఇన్‌ఫ్లో. ఇక్కడ నాకు తెలియని కాలువలు చాలా బయటపడ్డాయి. మా ఆవిడ ఒక నోట్‌బుక్ నా ముందు పడేసి "తిన్నది తిన్నట్టు రాయి. గుర్తొచ్చింది రాసుడు కాదు" అంది. నేను మొదటి రోజు రాసింది: రెండు ఇడ్లీ, ఒక కప్పు అన్నం, పప్పు, మజ్జిగ, రాత్రి జొన్న రొట్టె. ఏ సర్వే అధికారి చూసినా నన్ను దారిద్ర్యరేఖ కిందికి చేర్చేవాడు. ఆమె ఎర్ర పెన్నుతో దిద్దింది. జొన్న రొట్టె కాదు, రొట్టెలు, నాలుగు. పక్కన తలకాయ కూర. ఆఫీసులో మూడు చాయ్‌లు, ప్రతి చాయ్‌కి ఉస్మానియా బిస్కెట్. ఉప్పు సరిపోయిందా లేదా అని పొయ్యి దగ్గర చూసిన రెండు గరిటెలు. పిల్ల వదిలేసిన సగం గారె. పంచదార కలిపించుకున్న బత్తాయి రసం (బత్తాయి తోటల జిల్లాలో పుట్టి అది తాగకపోతే రైతుకు ద్రోహం కదా). కూరలో నూనె. ఒక్క పెద్ద చెంచా నూనెలో 120 కేలరీల దాకా ఉంటాయి. నా బరువుకు సుమారు రెండు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది అంతే. మా ఇంట్లో నూనెను చెంచాతో కొలిచే ఆచారం లేదు. సీసా వంచి, మనసుకు తృప్తి కలిగాక ఎత్తుతారు.

అన్నిటికంటే పెద్దది మొహమాటం కాలువ. దానికి గేటే లేదు. దావత్‌కు పోయి బగారా అన్నం, మటన్ "చాలు" అంటే మా వైపు దాన్ని వద్దని ఎవరూ అనుకోరు, పీట దగ్గరికి జరుపుమన్నట్టు అనుకుంటారు. "నా చేతి వంట తినవా బావా?" అని మరదలు అడిగాక ఏ డైట్ చార్టు నిలబడుతుంది?

పానగల్లులో లింగం మీది నీడ కూడా ఏదో ఒక్క స్తంభానిది కాదని, స్తంభాల అమరికా, చుట్టూ వచ్చే వెలుతురూ కలిసి చేసే పని అని చెబుతారు. నా ముల్లు కదలకపోవడమూ అంతే. ఏ ఒక్క బిస్కెట్‌నూ దోషిగా నిలబెట్టలేం.

జిమ్ కుర్రాడి దగ్గరికి పోతే వాడు తేల్చేశాడు. "సార్, నడక ఒక్కటే సరిపోదు. బరువులెత్తాలె. కండ ఉంటెనే ఖర్చు. రోజూ గుడ్లు, పప్పు, గుడాలు, చేపలు తినుండ్రి, ప్రొటీన్ పెంచుండ్రి. నిద్ర తక్కువైతే ఆకలెక్కువైతది, మంచిగ పడుకోండ్రి." బరువు తగ్గాలని వచ్చిన వాడిని బరువులెత్తమనడం నాకు అప్పుడు అన్యాయంగానే తోచింది. మొదటి వారం ఎత్తితే ముల్లు అర కిలో పైకి పోయింది. కొత్తగా కష్టపడ్డ కండలు నీళ్లు పట్టుకుంటాయి, భయపడొద్దన్నాడు. నేను భయపడలేదు, మిషన్‌ను మంచం కిందికి తోశాను.

మూడు వారాలకు తీసి ఎక్కాను. 83. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. గోడ ఎవరూ పట్టుకోలేదని ధ్రువీకరించుకున్నాకే మా ఆవిడ ఒప్పుకుంది.

ఆ ఆదివారమే సాగర్ గేట్లెత్తారని తెలిసి పిల్లలతో కలిసి పోయాం. నీళ్లు పాలనురగలా దూకుతున్నాయి. ఒడ్డున వరసగా చేపల వేపుడు బండ్లు, కళాయిలో సలసలా కాగే నూనె. మా ఆవిడ నా వైపు చూసింది. "చేపల్ల ప్రొటీన్ ఉంటదని జిమ్ పిల్లగాడే చెప్పిండు" అన్నాను.

నోట్‌బుక్ ఇంట్లోనే మర్చిపోయాం.