తియ్య మాత్రలతో ఎన్నాళ్లు ఆగొచ్చు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పసివాడికి జలుబు చేస్తే నానమ్మ వాము వేయించి మూట కడుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే సూది వేసి, సిరప్ రాసేస్తాడని తల్లి జంకుతుంది. టౌనులో హోమియో డాక్టరిచ్చే తియ్య మాత్రలైతే పిల్లాడు మారాం చెయ్యకుండా చప్పరిస్తాడు. తండ్రి చేపల వేటకెళ్లి గుజరాత్ తీరంలో బోటు మీద ఉంటే నిర్ణయం తల్లి ఒక్కర్తే తీసుకోవాలి. ఆమె హోమియో వైపు మొగ్గితే అజ్ఞానమని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ భయానికి కారణాలున్నాయి.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం తేలింది. ఆ తర్వాతే రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్లలోపు వారికి మామూలుగా అవసరమే ఉండదని కేంద్రం మళ్లీ గట్టిగా చెప్పింది. అంటే సిరప్ వద్దన్న తల్లి మాటా, పిల్లల వైద్యుల మాటా ఇక్కడ ఒకటే. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చెయ్యలేదు. ఆ వారం రోజులు తియ్య మాత్రలు వేస్తే పేరు మాత్రలకొస్తుంది. రానివ్వండి. అక్కర్లేని ఇంజెక్షన్ కంటే అదే నయం.

ఇంకో సంగతి. హోమియో డాక్టరు బిడ్డ నిద్ర ఎలా ఉంది, దేనికి జడుసుకుంటాడు, ఏం తింటాడు అని తీరిగ్గా అడుగుతాడు. సర్కారు ఆసుపత్రి ఓపీ వరుసలో అంత ఓపిగ్గా వినేవాళ్లు అరుదు. జనాన్ని హోమియో దగ్గర నిలబెడుతున్నది ఈ వినడమేనని నా అనుమానం.

మాత్ర సంగతికొస్తే, జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో '30 పొటెన్సీ' అంటే మూల పదార్థాన్ని వందో వంతుకు పలచన చేస్తూ ముప్ఫయిసార్లు పోవడం. పన్నెండో మెట్టు దాటాక అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం దొరకలేదని ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో తేల్చింది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఈ మందులకు ప్రభుత్వ బీమా సొమ్ము ఆపేసింది.

మన అనుభవమూ ఉంది. మెదడువాపు పిల్లల్ని బలిగొంటున్న రోజుల్లో, 1999 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బెల్లడోనా, కాల్కేరియా కార్బ్, ట్యూబర్క్యులినం అనే హోమియో మాత్రలు పంచింది. తర్వాత కేసులు తగ్గాయి, ఘనత మాదేనని హోమియో వర్గాలు ఇప్పటికీ చెబుతాయి. అయితే మెదడువాపు ఒక ఏడాది విజృంభించి మరో ఏడాది అణిగే జబ్బు. మాత్రలు వేసుకోని పిల్లలతో పోల్చకుండా ఆ ఘనత ఎవరిదో తేలదు. ఈ మెదడువాపుకు (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) దేశంలో పెద్దఎత్తున టీకాల కార్యక్రమం 2006లో గానీ మొదలుకాలేదు.

జలుబు దగ్గర చెల్లిన ఓపిక విరేచనాల దగ్గర చెల్లదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. అలాంటి చోట పిల్లల ఒంట్లో నీరు గంటల్లో ఇంకిపోతుంది. పిల్లల విరేచనాలు, మలేరియా, క్షయ వంటి వాటికి హోమియోను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది. కావాల్సింది ఓఆర్‌ఎస్, దాంతోపాటు 14 రోజుల జింక్: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపైతే 10. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే పిల్లలకు గంజి, పలచటి చోడి అంబలి పట్టొచ్చు. సీతంపేట ఏజెన్సీలో జ్వరమొస్తే మాత్రం ముందు మలేరియా రక్తపరీక్ష, ఆ తర్వాతే ఏ మాత్రైనా.

పెరటి మందైనా అంతటా మంచిది కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ఉగ్గులో అరగదీసే వసలో బీటా అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుందని అమెరికా 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది. మన ఇళ్లలో ఇప్పటికీ వసకొమ్ము అరగదీస్తూనే ఉన్నారు. హోమియో మందులూ అన్నీ ఉత్త చక్కెర బిళ్లలు కావు. పళ్లు వచ్చే పిల్లల కోసం అమ్మే కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషమొక్క సారం లేబుల్‌పై రాసినదానికి మించి ఉందని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుకుంది.

హోమియోను మూసేయమంటే వినేవారెవరూ లేరు. 2020లో దానికి జాతీయ కమిషన్ చట్టమే వచ్చింది, హోమియో డిగ్రీ బీహెచ్‌ఎంఎస్ చదివినవారు చట్టం గుర్తించిన వైద్యులు. అలాంటప్పుడు చట్టబద్ధమైన బాధ్యత కూడా అంతే ఖచ్చితంగా ఉండాలి. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, రెండు నెలలలోపువాడు నిమిషానికి 60, ఏడాదిలోపువాడు 50, అయిదేళ్లలోపువాడు 40 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, పాలు తాగకున్నా, మగతగా పడి ఉన్నా పెద్దాసుపత్రికి పంపాలని ప్రతి హోమియో క్లినిక్ గోడ మీదా తెలుగులో రాయించాలి. పంపకుండా అట్టిపెట్టుకున్నవారి రిజిస్ట్రేషన్ పోవాలి. టీకా బదులు మాత్రలని చెప్పేవారికీ అదే వర్తించాలి. ఇటువైపు పీహెచ్‌సీ డాక్టరు మందు రాయకుండా పంపేటప్పుడు ఎందుకు రాయలేదో, ఏం కనిపిస్తే మళ్లీ రావాలో తల్లికి అయిదు నిమిషాలు చెప్పగలిగితే, ఆమెకు తియ్య మాత్రల అవసరం చాలావరకు పడదు.