ముందు హేచరీకి గాలి, తర్వాతే గ్రిడ్‌కు కరెంటు

అలల ఊపుతో గాలిని కుదించి, దాచిపెట్టి, కావాల్సినప్పుడు కరెంటు తీయవచ్చన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. గోదావరి డెల్టా తీరానికి దాన్ని తెచ్చేవారు మాత్రం మెగావాట్ల లెక్కతో మొదలుపెట్టవద్దు.

పనితీరులో పెద్ద మర్మమేమీ లేదు. అడుగున సముద్రంలోకి తెరిచి ఉండే కాంక్రీటు గది అది. అల వచ్చినప్పుడు లోపలి నీరు లేచి పైనున్న గాలిని తోస్తుంది, వెనక్కి పోతూ లాగుతుంది. గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరిగే వెల్స్ టర్బైన్ కరెంటు తీస్తుంది. కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాసు 1991లోనే 150 కిలోవాట్ల ప్లాంటు నడిపి చూపింది. స్పెయిన్‌లోని ముత్రికులో 2011లో హార్బరు అడ్డుగోడలోనే ఇలాంటి గదులు కట్టారు. అక్కడ 16 టర్బైన్లు కలిపినా 300 కిలోవాట్లకు లోపే.

అసలు చిక్కు నిల్వ దగ్గర. గదిలో పుట్టే ఒత్తిడి స్వల్పం. కరెంటు కోసం దాచాలంటే పదుల రెట్లు కుదించాలి. కొడుతున్న సైకిల్ పంపులాగే కుదించిన గాలీ వేడెక్కుతుంది, ఆ వేడి చల్లారిందంటే పెట్టిన శక్తిలో కొంత పోయినట్టే. జర్మనీలోని హంటార్ఫ్‌లో 1978 నుంచి ఉప్పు గుహల్లో గాలి దాస్తున్నారు, తిరిగి వాడేటప్పుడు గ్యాసు మండించక తప్పడం లేదు. మన కాళ్ల కింద ఉన్నదేమో ఒండ్రుమట్టి. స్టీలు ట్యాంకులే దిక్కు, వాటిని ఉప్పుగాలి ఊరికే వదలదు.

మరి గాలిని గాలిగానే వాడుకుంటే? ఉప్పాడ నుంచి తొండంగి వైపు తీరంలోని రొయ్యపిల్లల హేచరీల్లో నీటిలోకి గాలి ఊదే బ్లోయర్లు రాత్రింబవళ్లు తిరగాల్సిందే. కోనసీమ చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటర్ మొరాయిస్తే రైతు టెన్షన్ ఇంతా అంతా కాదు. ఐదడుగుల నీటి అడుగుకు గాలి పంపడానికి వాతావరణ పీడనంలో సుమారు ఏడో వంతు అదనంగా ఉంటే చాలు, పైపుల్లో పోయేదానికి ఇంకాస్త. అలతో నడిచే చిన్న కంప్రెసర్‌కు ఇది అందే పనే. ట్యాంకులోని గాలి రాత్రంతా రాకపోయినా జనరేటర్ అందుకునేదాకా వస్తే చెరువు నిలుస్తుంది. (తీరమంతా అడ్డగోలుగా చెరువులు తవ్వడాన్ని మేము సమర్థించడం లేదు. అది వేరే పోరు.)

ప్రయోగానికి ఉప్పాడే తగిన చోటు. తీరం కోతను ఆపాలని అక్కడ రాళ్లు పోశారు, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలు) వేశారు. సముద్రం వాటినీ మింగింది. ఇకపై కట్టే రక్షణ గోడలో ఒకటి రెండు గాలి గదులకు చోటివ్వాలి. అంతకన్నా ముందు సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్, కాకినాడ జేఎన్‌టీయూ కలిసి అక్కడి అలలను ఏడాది పొడవునా కొలవాలి. నైరుతి రుతుపవనాల్లో ఎగసే బంగాళాఖాతం మిగతా నెలల్లో అంత ఉదారంగా ఉండదు, తుపాను వస్తే మళ్లీ పట్టపగ్గాలుండవు. గదుల చోటును బోట్ల దారి తెలిసిన మత్స్యకారులతో కూర్చుని ఖరారు చేయాలి. మొదటి ఐదేళ్ల మరమ్మతు ఖర్చును టెండరులోనే రాయాలి, లేదంటే టర్బైన్ తుప్పు పట్టిన రోజున బిల్లు ఎవరిదన్న తగువు మొదలవుతుంది.