మెషిన్‌కున్న బుద్ధి ఓనర్‌కి లేదు

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. అమీర్‌పేటలో జిరాక్స్ తీయించుకుని ఓ ఆఫీసులో గంటన్నర లైన్లో నిలబడితే, కౌంటర్‌లో ఉన్నాయన కాగితాన్ని లైటుకి పెట్టి చూసి "ఏం కనపడట్లేదు, మళ్ళీ తెచ్చుకో" అన్నాడు. ఒరిజినల్ ఆయన చేతిలోనే ఉంది! అది కనపడుతోంది కదా సార్ అంటే, మాకు జిరాక్సే కావాలట.

తిరిగి షాపుకెళ్తే అక్కడో జ్ఞాని. "వానాకాలం కదన్నా, మెషిన్ అంతే."

నాయనా, మూడేళ్ళు ఆ మెషిన్లు విప్పి బాగుచేసినవాణ్ణి నేను. తేమతో టోనర్ (అక్షరాలు పడే నల్లపొడి) మీదున్న విద్యుత్ ఛార్జ్ మారుతుంది, నిజమే. దానికే కదా లోపల సెన్సర్లు పెట్టింది! ఇలాంటి పెద్ద మెషిన్లలో చాలావాటికి డెవలపర్ యూనిట్‌లో, అంటే టోనర్‌ని అందించే భాగంలో, టోనర్‌ని మోసే ఇనుప క్యారియర్ పొడి, టోనర్ కలిసి తిరుగుతుంటాయి. టోనర్ తగ్గితే ఇనుము వాటా పెరుగుతుంది, ఆ అయస్కాంత గుణాన్ని సెన్సర్ పసిగట్టి కొత్త టోనర్ పోయిస్తుంది. కొన్నిట్లో, పేజీ బొమ్మ ముందుగా పడే డ్రమ్ మీద చిన్న నల్ల మచ్చ వేసుకుని, దాని మీద వెలుతురు కొట్టి ఎంత తిరిగొస్తోందో చూసి వోల్టేజీ సరిచేసుకుంటుంది. అంత తెలివైన యంత్రం! మనవాడేమో ఊరూ పేరూ లేని పొడి నింపి, ఆ డెవలపర్ పొడి మార్చకుండా ఏళ్ళు లాగించి, సెన్సర్ మీద దుమ్ము తుడవకుండా, పైన అచ్చు పలచగా పడే 'లైట్' బటన్ నొక్కి పెడతాడు. పేజీకి రెండు రూపాయలు మాత్రం ముక్కు పిండి వసూలు.

పేటెంట్ కాగితాలు చేత్తో నకలు రాయలేక విసిగి, 1938 అక్టోబర్ 22న చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్క్‌లో ఈ జిరాక్స్ పద్ధతిలో మొదటి నకలు తీశాడు. జనం పని తగ్గించాలని. పాపం, మన ఆఫీసులు చూడలేదు ఆయన.

నా అసలు మంట ఇది కాదులెండి. డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగానికి ఇచ్చిన మార్కుల మెమో జిరాక్స్‌లో 83 కాస్తా 33లా కనపడిందట. ఒరిజినల్ బ్యాగులోనే ఉంది. అడిగిన పాపాన పోలేదు. ఆ ఉద్యోగం వచ్చినవాడికి ఇప్పుడు కొండాపూర్‌లో ఫ్లాటుంది.

రేపు మళ్ళీ వెళ్ళాలి. మూడు సెట్లు, మూడు వేరే వేరే షాపుల్లో తీయిస్తా.