గోడ మీది మొలల వైద్యం

కర్నూలు, కడప, అనంతపురం... ఏ బస్టాండు చుట్టుపక్కల చూసినా గోడల మీద ఒకటే రాత: మొలలకు ఆపరేషన్ లేకుండా, ఒక్క ఇంజెక్షన్‌తో గ్యారంటీ వైద్యం. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేని బాధ కాబట్టి, పేరూ ఊరూ అడగని ఆ గది మెట్లే జనం ఎక్కుతున్నారు. ఎక్కించే మందేమిటో రోగికి తెలియదు, ఒక్కోసారి ఎక్కించేవాడికీ తెలియదు. ఘాటు రసాయనం పడి చర్మం కుళ్లి, మలద్వారం కుంచించుకుపోయాక పెద్దాసుపత్రికి వస్తే, అప్పుడు తప్పని ఆపరేషన్ మొదట్లో అవసరమే లేదు.

విచిత్రమేమిటంటే, 'ఆపరేషన్ లేకుండా' అన్న మాట నిజమే. బయటికి జారని మొలలు చాలావరకు పీచు, నీళ్లు, గోరువెచ్చని నీటి తొట్టిలో కూర్చోవడంతోనే అదుపులోకి వస్తాయి. ఫోన్ పట్టుకుని మరుగుదొడ్డిలో అరగంట కూర్చోవడం మానాలి, అంతే. అప్పటికీ తగ్గకపోతే మొల మొదలు దగ్గర చిన్న రబ్బరు బ్యాండు బిగిస్తారు. నిమిషాల పని. రక్తం అందక మొల వారం పది రోజుల్లో రాలిపోతుంది. బ్యాండుకూ లొంగనివాటికి, లోపలికి నెట్టినా పోని పెద్ద మొలలకే కత్తి. ఇక లేజర్ పేరుతో జరుగుతున్న ప్రచారం చూస్తే అదేదో మంత్రదండం అనిపిస్తుంది. దాని తర్వాత కూడా మొలలు తిరగబెట్టొచ్చని ప్రకటనల్లో రాయరు.

పైగా అక్కడ నొప్పి వస్తే అన్నీ మొలలే అనుకుంటాం. విరోచనమప్పుడు గాజుపెంకు కోసినట్టుంటే అది చీలిక, అంటే ఫిషర్. పూతమందుతో కొన్ని వారాల్లో చాలామందికి మానుతుంది. పక్కన పుండై చీము కారుతుంటే భగందరం, అంటే ఫిస్టులా. దానికి ఆయుర్వేదంలో వాడే క్షారసూత్రాన్ని, అంటే మందు పట్టించిన దారాన్ని, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) శస్త్రచికిత్సతో పోల్చి చూసి 1991లో ఫలితాలు ప్రచురించింది. మానడానికి ఎక్కువ కాలం పట్టినా, తిరగబెట్టడం తక్కువని తేలింది. మూడింటికీ ఒకే సూది ఎలా సరిపోతుంది?

సీమకు ఈ బాధ కొత్తది కాకపోవచ్చు, కానీ తిండి మారింది. వంద గ్రాముల జొన్నల్లో పది గ్రాముల దాకా పీచు ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983 తర్వాత రొట్టె వెనకబడింది. కడుపు నింపిన పథకాన్ని తప్పుపట్టం, కానీ రాత్రికి రెండు జొన్న రొట్టెలు, అలసందల కూర ఎవరూ వద్దనలేదు కదా. వేరుశనగ చేలకు కూలికి వెళ్లే ఆడవాళ్లది వేరే కష్టం. చాటు దొరకదని ఎండలో కూడా నీళ్లు తాగడం తగ్గించుకుంటారు.

రక్తం పడితే 'వేడి చేసింది' అని మజ్జిగ తాగి ఊరుకునే అలవాటే ఎక్కువ భయపెడుతుంది. నలభై ఐదు దాటినవాళ్లకు రక్తం పడుతున్నా, విరోచనం తీరు మారినా, బరువు తగ్గినా పెద్దపేగు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. దానికి కొలనోస్కోపీ, అంటే సన్నని గొట్టానికున్న కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష కావాలి, గోడ మీది హామీ కాదు.

జిల్లా, ఏరియా ఆసుపత్రుల సర్జరీ ఓపీలో వారానికి ఒక పూట ఈ జబ్బులకు కేటాయించాలి. పరీక్ష బల్లకు తెర, ఆడవాళ్లకు లేడీ డాక్టరు ఉండాలి. బ్యాండు వేసే పరికరం కొనలేనంత ఖరీదైనదేమీ కాదు. ఇక గోడల మీది ఫోన్ నంబర్లు ఆరోగ్యశాఖ అధికారులకు రోజూ కనిపించేవే. వాటికి ఒకసారి రోగిలా ఫోన్ చేసి చూడమనండి.