రోబో పరిచారకుల వారికి కోనసీమ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ రోబో పరిచారకుల వారి సముఖమునకు, కోనసీమలో నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పుకొనే ఒక ఉపాధ్యాయిని వ్రాసుకొను విన్నపము. ఇక్కడ అందరమూ క్షేమం. తమరు ఇంకా మా ఊరు రాలేదు కనుక తమ క్షేమానికీ లోటు ఉండదని నమ్ముతున్నాను.

తమరు వస్తున్నారన్న కబురు మాకంటే ముందు డాలస్‌కూ మెల్‌బోర్న్‌కూ చేరింది. అక్కడ స్థిరపడిన మా పిల్లలు తమ రాక కోసం పడుతున్న ఆత్రంలో పదో వంతు కూడా ఇక్కడ మంచం పట్టిన వారి తల్లిదండ్రులలో నాకు కనిపించలేదు. గోదావరికి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో వస్తాయి. కొన్ని ఇళ్ళకు కన్నబిడ్డలు కూడా అదే లెక్కన వస్తారు. ఈ నడుమ అమ్మను చూసుకోవడానికి జీతం పెంచమనని, సంక్రాంతికి సెలవు అడగని, ఇంటి గుట్టు పక్కింటి గోడ దాటించని మనిషి ఒకరు కావాలి. మనుషులలో అటువంటి వారు దొరకక తమరిని తలచుకుంటున్నారు.

తమ వంశం గురించి నేను కొంత చదివాను. జపానులో పుట్టిన పారో గారు తెల్లని సీల్ పిల్ల రూపంలో మతిమరుపు ముదిరిన వృద్ధుల ఒడిలో కూర్చొని, నిమిరితే కళ్ళార్పి, 2009లో అమెరికా ప్రభుత్వం చేత వైద్య పరికరమనిపించుకున్నారు. 2015లో రీకెన్ పరిశోధన సంస్థ వారు ఎలుగుబంటి ముఖంతో రోబేర్ అనే మరొకరిని లోకానికి చూపించారు. 140 కిలోల బరువుండే ఆ మహానుభావుడు మంచం మీది మనిషిని రెండు చేతులా ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టగలిగాడు గాని, ప్రయోగశాల గడప దాటి బజారుకు రాలేకపోయాడు. మా పెంకుటిళ్ళ గడపలైతే అంతకంటే ఎత్తు. మామ్మగారు శుక్రవారం శుక్రవారం పసుపు రాసే ఆ గడపను తమ చక్రాల కోసం చెక్కించడానికి ఆవిడ ఒప్పుకుంటారని నేను అనుకోను.

అయినా తమ అవసరం మాకు లేదనను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఒకప్పుడు ఇద్దరిని మించి కన్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలబడరాదని నిబంధన పెట్టిన శాసనసభే 2024లో దానిని ఎత్తివేసింది. అలా పుట్టబోయే బిడ్డలు పెరిగి, ఇంటర్ గట్టెక్కి, నర్సింగ్ పూర్తి చేసేలోగా నా తరం మంచం ఎక్కేసి ఉంటుంది.

అందుకే, రేపు మమ్మల్ని చూడవలసిన నా విద్యార్థినులనే తమ గురించి అడిగాను. ఇటువంటి అభిప్రాయ సేకరణలలో మామూలుగా ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలు ‘అసలు అంగీకరించను’ వరకు అయిదు గడులు ఇచ్చి ఒకదానిలో టిక్కు పెట్టమంటారు. నేను తెల్లకాగితం ఇచ్చాను. అదే నాకు తలనొప్పి తెచ్చింది, ఎందుకంటే ఒక్క పిల్లా అయిదు గడులలో పట్టే సమాధానం రాయలేదు.

ఎత్తే పని విషయంలో మాత్రం తరగతి అంతా తమ పక్షమే. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపు కింద, మడమల కింద పడక పుండ్లు పడతాయి. పగలు తోడుగా ఇంకొకరు ఉంటే దుప్పటి చెరొక అంచు పట్టుకొని తిప్పవచ్చు. రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్న అమ్మాయి తన నడుమునే పణం పెట్టాలి. ఆ వేళకు తమరు వచ్చి చేయి వేస్తే తమరికి హారతి పడతామన్నారు. మాత్రల వేళ గుర్తు చేయడం, మంచం దిగబోయే తాతగారిని చూసి కేక వేయడం కూడా తమకు అప్పగించేశారు.

నన్ను ఆలోచింపజేసిన కాగితాలు వేరే ఉన్నాయి. ఒళ్ళు తుడవడం, మలమూత్రాలు తీయడం మనుషులే చేయాలని, అందులోనే ఆప్యాయత ఉందని నేను ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నాను. ఒక అమ్మాయి వినయంగా, ‘మేడమ్, మనవరాలి వయసున్న నా ముందు బట్ట తీయవలసి వచ్చినప్పుడు తాతగారు కళ్ళు మూసుకొని గోడవైపు తిరిగిపోతారండి. యంత్రమైతే ఆయనకు ఆ సిగ్గు ఉండదేమోనండి’ అని రాసింది. ఈ సంగతి ఏ తాతగారినీ ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఇంకొక అమ్మాయి రాసింది మరీ పదునుగా ఉంది. ఇంటి వద్ద రోగిని చూసే పనికి వెళితే మొదట ఊరు అడుగుతారు, తరువాత ఇంటిపేరు, ఆ తరువాత ‘అంటే మీరు ఎవరమ్మాయ్?’ అని అసలు ప్రశ్న. జవాబును బట్టి వంటింట్లోకి వెళ్ళాలో, పెరటి కుళాయి దగ్గరే చేతులు కడుక్కోవాలో తేలుతుంది. ‘రోబోను ఎవరూ ఇంటిపేరు అడగరు. అది పూజగది పక్కనుంచి వెళ్ళినా ఇల్లు కడగరు. మేడమ్, నాకు దాని మీద కోపం లేదు గాని కొంచెం అసూయగా ఉంది’ అని రాసి, పేరు రాయకుండా కాగితం మడిచి ఇచ్చింది. తమరిని తయారు చేసిన వారు ఇన్ని గుణాలు ప్రకటించుకున్నారు గాని ఈ ఒక్కటీ చెప్పుకోవడం మరిచిపోయారు.

తమ తలలో ఉండే కెమెరా ఎవరి కోసమన్నది కూడా వాళ్ళ అనుమానం. మామ్మగారు పడిపోతే చూడటానికని కంపెనీ చెబుతుంది. ఆయా ఎంతసేపు ఫోను మాట్లాడిందో, రెండో ఇడ్లీ ఎవరు తిన్నారో డాలస్‌లో కూర్చొని లెక్కపెట్టడానికని మా విద్యార్థినులకు ఇప్పుడే తెలిసిపోయింది. ‘బరువంతా యంత్రమే ఎత్తుతోంది కదా, నీకు సగం జీతం చాలు’ అనే మాట కూడా ఎంతో దూరంలో లేదు.

నాకు అన్నిటికంటే వింతగా తోచేది తమ పుట్టింటి వారి వ్యవహారం. తమరిని కన్న జపాను, తమ మీదే భారం వేసి నిశ్చింతగా ఉండక, వృద్ధుల సేవ సహా పద్నాలుగు రంగాలకు పనివారిని పంపమని 2021 జనవరిలో భారతదేశంతో ఒప్పందం చేసుకుంది. అంటే మా అమ్మాయిలు జపాను భాష నేర్చుకొని ఒసాకా తాతగారికి స్నానం చేయించడానికి వెళతారు, తమరు తెలుగు నేర్చుకొని రాజోలు తాతగారిని చూడటానికి వస్తారు. మాకు ఇది కొత్త కాదనుకోండి. మా కోనసీమ ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా కువైట్ వెళ్ళి అక్కడి ముసలివారికి అన్నం తినిపిస్తూ, ఆ డబ్బుతో ఇక్కడ డాబాలు కట్టిస్తున్నారు. ఆ డాబాలలో పరిచిన గ్రానైటు మీద తమ చక్రాలు బ్రహ్మాండంగా తిరుగుతాయి. వరండాలో ఒంటరిగా కూర్చున్న వాళ్ళ అమ్మలకు ఆ నేల జారుతుంది, అంతే.

చట్టం సంగతి కూడా తమరు తెలుసుకోవాలి. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం తల్లిదండ్రులను విడిచిపెట్టిన వారికి 3 నెలల వరకు జైలో, 5,000 రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. తమరిని కొని తెచ్చి ప్లగ్గు పెట్టి విమానమెక్కిన కొడుకు విడిచిపెట్టినట్లా, పెట్టనట్లా అన్నది ఆ చట్టంలో లేదు. తమ రశీదు పట్టుకొని ఎవరో ఒకరు త్వరలోనే ఆర్డీవో గారి ముందు నిలబడతారు.

వరదల మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల ముసలివారిని పడవలలోకి చేర్చవలసి వచ్చింది. రోబేర్ గారంత బరువుంటే తమరిని ఎక్కించడానికి నలుగురు కావాలి. ఆ నలుగురే ఉంటే మామ్మగారిని ముందు ఎక్కించమంటాను.

కనుక తమరు రండి. కెమెరా తీసేసి, చేతులు మాత్రం తెచ్చుకొని, రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము దాకా పనికి రండి. తాతగారిని తుడిచే పని ఎవరిదన్నది తాతగారిని అడిగి చెబుతాను.

ఇట్లు,
ఒక నర్సింగ్ ఉపాధ్యాయిని

తా.క.: మూడో సంవత్సరం విద్యార్థిని ఒకతె అడగమన్నది. తమరు మరమ్మతుకు వెళ్ళిన రోజులలో తమ బదులు ఎవరు వస్తారట? అది తానే అయితే, ఆ రోజులకు తమ అద్దె ఎంతో అంత తనకు ఇస్తారా అని.